ఒకే నంబరు మీద ఇద్దరు

పాత కంప్యూటర్లలో ఉన్న రోగులు నాలుగువేల ఎనిమిదివందల ముప్ఫై ఆరుగురు. కొత్తదానిలోకి చేరినవాళ్ళు నాలుగువేల ఎనిమిదివందల పదమూడుగురు. తేడా ఇరవైమూడు. ఆ ఇరవైమూడూ రెండేసి చోట్ల రాయించుకున్న పేర్లనీ, కొత్త డేటాబేస్ వాటిని కలిపేసిందనీ, అందుకే తగ్గాయనీ ప్రమోదిని అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. చెప్పిన మనిషికే మనసు కుదుటపడలేదు.

అది రెండువేల ఏడు, మే నెల. కాశీబుగ్గలో ఒక ట్రస్టు నడిపే చిన్న కిడ్నీ ఆసుపత్రిలో ఆమె కంప్యూటర్ పని చూసేది. ఉద్దానం ఊళ్ళలో మనుషులకి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎవరికీ అంతుపట్టని రోజులవి. ట్రస్టువాళ్ళు ఊరూరా తిరిగి రక్తం తీసి, పరీక్ష చేసి, ఫలితాలు దాచేవారు. కాశీబుగ్గ, టెక్కలి, బారువ, మూడు చోట్లా మూడు కంప్యూటర్లు. ఏ కంప్యూటర్ లెక్క దానిదే. నెలకోసారి ఫ్లాపీల మీద తెచ్చి కలపాలి. ఒక్కో ఫ్లాపీ తెరుచుకునేది కాదు. టెక్కలిలో పరీక్ష చేయించుకున్న మనిషి బారువలో మళ్ళీ కొత్త మనిషైపోయేవాడు.

దానికి మందు ప్రమోదినే కనిపెట్టింది. మూడింటినీ ఒకే డేటాబేస్‌గా చేద్దామంది. మనుషుల పట్టిక ఒకటి, పరీక్షల పట్టిక ఒకటి. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుతో రెండు పట్టికలకీ ముడి. ఆమెది బారువ దగ్గరి చేపలవాళ్ళ కుటుంబం. టెక్కలిలో కంప్యూటర్ కోర్సు చదివింది. ఏడాదిపాటు పుస్తకాలు ముందేసుకుని నేర్చుకుంది. చివరికి అంతా ఒక సీడీలో సర్దింది. సీడీ పెట్టి ఒక్కసారి నొక్కితే డేటాబేస్ ఎక్కుతుంది, పట్టికలు తయారవుతాయి, పాత లెక్కలు కొత్త పట్టికల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఆ సీడీ తనే పట్టుకుని మూడు ఊళ్ళూ బస్సులో తిరిగింది. బారువలో పని సగంలో ఉండగా కరెంటు పోయింది. తీసిపెట్టుకున్న నకలుతో మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించింది. అన్నీ కాశీబుగ్గ సర్వర్‌లోకి చేరాక డాక్టర్ కృష్ణారావు గారు లడ్డూలు తెప్పించారు.

"ఒక మనిషికి ఒక నంబరు. ఇన్నాళ్ళకి మన ఇల్లు చక్కబడింది," అన్నారాయన.

ప్రమోదిని లడ్డూ చేతిలో పట్టుకుని స్క్రీన్ వైపే చూసింది. పేరు, తండ్రిపేరు, ఊరు కలిస్తే ఒకే మనిషి అని ఆమె ప్రోగ్రాంలో రాసింది. వయసులో రెండేళ్ళ తేడా ఉన్నా ఫరవాలేదని కూడా రాసింది. ఈ ఊళ్ళలో వయసు ఎవరికి సరిగ్గా తెలుసు గనక. అంతా న్యాయంగానే ఉంది. అయినా కూర్చోలేకపోయింది. లేచి మంచినీళ్ళు తాగొచ్చింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. ఇరవైమూడు పేర్లూ ఒక కాగితం మీద తీసి చూద్దామనుకుంది. ఈలోగా ప్రింటరు పనిచేయడం లేదని ఎవరో పిలిచారు. ఆ రోజు పోయింది. మర్నాడు ఇంకో పని. పదిరోజులయ్యాక ఆ కాగితం సంగతి తీసే ధైర్యం కూడా పోయింది. అన్నీ సవ్యంగా నడుస్తుంటే కదపడం ఎందుకనిపించింది.

జూన్ నుంచి కొత్త డేటాబేసే ఉత్తరాలు ముద్రించడం మొదలుపెట్టింది. మనిషి ఆఖరి పరీక్ష చూసి, బాగుంటే బాగుందని, లేకపోతే వెంటనే ఆసుపత్రికి రమ్మని. ఈ మార్పు పనివల్ల మార్చి నుంచి ఆగిపోయిన ఉత్తరాలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళు వాటిని ఇళ్ళకి చేర్చారు.

సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్న డాక్టరు గారు ఒక జాబితా అడిగారు. రమ్మని ఉత్తరం పంపినా రానివాళ్ళెవరు అని. ప్రమోదిని జాబితా తీసింది. పదకొండు పేర్లు. ఒక్కొక్కరి పాత పరీక్షలు కూడా పక్కన వచ్చేట్టు చేసింది. ఏడో పేరు దగ్గర ఆమె కళ్ళు ఆగాయి.

మైలపల్లి అప్పలరాజు, తండ్రి రామయ్య, గెడ్డవానిపేట. మార్చిలో క్రియాటినిన్ మూడు పాయింట్ నాలుగు. ఏప్రిల్‌లో ఒకటి. జూలైలో మూడు పాయింట్ తొమ్మిది.

ఒకటి అంటే ఆరోగ్యం. మూడు దాటితే కిడ్నీలు చాలావరకు పోయినట్టు. ఆమె కాగితం పట్టుకుని ల్యాబుకి వెళ్ళింది. ల్యాబు చూసే కాంతమ్మకి యాభై ఏళ్ళుంటాయి, మాట కటువు.

"మిషన్ తప్పు చెప్పిందంటావా?" అంది కాంతమ్మ.

"అనడం లేదు పిన్నీ. ఇలా అవుతుందా అని అడుగుతున్నా."

కాంతమ్మ కాగితం దూరంగా పెట్టుకుని చూసింది. "అవదు. ఈ జబ్బు ముందుకెళ్ళడమే గానీ ఇంతలా వెనక్కొచ్చి మళ్ళీ పోవడం నేను చూళ్ళేదు. ఈ రక్తం ఒక మనిషిది కాదు."

ప్రమోదిని స్టోరు గదిలో పడేసిన పాత కంప్యూటర్ దుమ్ము దులిపి, తీగలు తగిలించి, దానిలో బారువ పాత నకలు తెరిచింది. మైలపల్లి అప్పలరాజు, నలభై రెండేళ్ళు, ఇల్లు రామమందిరం వీధి. తర్వాత కాశీబుగ్గ నకలు తెరిచింది. మైలపల్లి అప్పలరాజు, నలభై మూడేళ్ళు, ఇల్లు సరుగుడు తోపు దగ్గర. పాతదానిలో చిరునామాకి గడి ఉంది. రెండు చిరునామాలూ పక్కపక్కనే పెట్టి చూసి ఉంటే పసిపిల్లకైనా తెలిసేది. కలిపేటప్పుడు చిరునామా చూడమని ఆమె ప్రోగ్రాంకి చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా మిగతా ఇరవై రెండు జంటలూ చూసింది. ఇరవై జంటలు నిజంగా ఒకే మనుషులు. రెండు అనుమానం. అప్పలరాజు మాత్రం అనుమానం లేకుండా ఇద్దరు.

డాక్టరు గారి గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పింది. ఆయన కాగితం తీసుకుని తేదీలు చూశారు.

"జూన్ ఉత్తరం, బాగుందని పంపినది, ఎవరికి చేరింది?"

"తెలీదు సార్."

"ఆగస్టుది, రమ్మని పంపినది?"

"అదీ తెలీదు. ఉత్తరం మీద పేరూ ఊరే ఉంటాయి. పంచేవాళ్ళు ఊళ్ళో పేరు చెప్పి అడిగి ఇచ్చేస్తారు."

"రేపు ఉత్తరాలు పంచే సూరమ్మని పంపుదాం."

"నేనే వెళ్తాను సార్. ఇప్పుడే వెళ్తాను."

ఆయన వద్దనలేదు.

బారువ బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఎక్కడ ఆగినా కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవరు ఎందుకు ఆపాడో చూసింది. జీడితోటలు, కొబ్బరితోటలు, మళ్ళీ జీడితోటలు. రోజూ చూసేవే. ఇవాళ ఎంతకీ తరగడం లేదు. బారువలో దిగి ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటు నుంచి ఇసుకలో నడిచింది.

గెడ్డవానిపేటలో మొదట కనిపించిన ముసలామెని అడిగింది. "మైలపల్లి అప్పలరాజు ఇల్లెక్కడమ్మా? రామయ్య కొడుకు."

"ఏ అప్పలరాజు? ఇంజినోడా, తోపోడా?"

ప్రమోదిని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఊళ్ళో అడుగుపెట్టీ పెట్టగానే తెలిసిపోయే సంగతి.

ముసలామె విడమరిచి చెప్పింది. ఒకే తాత పేరు ఇద్దరు మనవలకి పెట్టారు, ఇద్దరూ రామయ్యలయ్యారు. ఆ ఇద్దరికీ అప్పలరాజులే పుట్టారు. పడవకి ఇంజిను చూసేవాడు ఇంజినోడు. సరుగుడు తోపు పక్కన ఇల్లు కట్టుకున్నవాడు తోపోడు. వరసకి తోపోడు అన్న, ఇంజినోడు తమ్ముడు. ఇద్దరిదీ ఒకే పడవ.

తోపు దగ్గరి ఇంటి అరుగు మీద గోడకి చేరబడి ఒక మనిషి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. చేపల వేట మీద బతికే మనిషి పగటిపూట అలా కూర్చోవడం ప్రమోదిని తన ఊళ్ళో జ్వరం వచ్చినప్పుడు తప్ప చూడలేదు. ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే ఆయన ముఖం మాడిపోయింది.

"రమ్మన్నారు, రాలేదని వచ్చినావా పాపా. వత్తే ఏటవుతాదో నాకు తెలుసు. మా బావమరిది అలాగే ఎల్నాడు, మరి రానేదు."

"మావా, నీకో ఉత్తరం వచ్చింది గదా, ఆగస్టులో. అది నీది కాదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నీ రక్తం బాగున్నాది. నీకు ఏ జబ్బూ నేదు. మేం తప్పు సేసినాం."

లోపల బియ్యం చెరుగుతున్న ఆయన భార్య వరహాలమ్మ చేట పట్టుకుని అలాగే గుమ్మంలోకి వచ్చింది. "నెల దాటిపోనాది," అంది నెమ్మదిగా. "ఉప్పు నేని కూడు తింతన్నాడు. ఏటకెల్లడం మానీసినాడు. కూతురు గుంట పెళ్ళి ఈ యేడే సేసియ్యాలని తొందర పడిపోతన్నాడు, తనుండగానే అవ్వాలని."

తోపు అప్పలరాజు సంతోషిస్తాడని ప్రమోదిని అనుకుంది. ఆయన సంతోషించలేదు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"మరి ఎవుడిదది?"

ఆమె రామమందిరం వీధికి దారెటని అడిగింది. ఆయనకి తెలిసిపోయింది. లేచి దండెం మీద చొక్కా తీసుకున్నాడు.

"నాను మానీసినాక నా పని కూడా ఆడే సేత్తన్నాడు. వల లాగడానికి ఇంకో మనిసిని ఎతకరా అంటే, నువ్వు బాగయ్యి వత్తావులే, అందాకా నేనున్నాను గదా అన్నాడు. పద పాపా."

రామమందిరం వీధిలో ఇంజిన్ అప్పలరాజు ఇంటి ముందు ఆయన భార్య బొడ్డమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. పడవ ఇంకా రాలేదంది. ఆసుపత్రి మాట వినగానే లోపలికెళ్ళి పాలిథిన్ సంచిలో మడిచి దాచిన కాగితం తెచ్చింది. జూన్ ఉత్తరం. మీ కిడ్నీలు బాగున్నాయి, ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకోండి.

"నడుం నొప్పని, కాళ్ళు పొంగుతన్నాయని జూలైలో మళ్ళీ రక్తం ఇచ్చినాడమ్మా," అంది బొడ్డమ్మ. "దాని కాయితం రానేదు. బాగుంటే ఎందుకు పంపుతారు, బాగునేకపోతేనే గదా పంపుతారు అన్నాడు. మందుల కొట్లో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని రోజూ ఏసుకునే ఎల్తన్నాడు."

"ఏ బిళ్ళలు అత్తా? అట్ట ఉందా?"

బొడ్డమ్మ తెచ్చిన అట్ట చూసి ప్రమోదిని దాన్ని చేతిసంచిలో పెట్టుకుంది. కిడ్నీ రోగులు ముట్టకూడని బిళ్ళల పేర్లు రాసిన బోర్డు ఆసుపత్రి గుమ్మంలోనే ఉంటుంది. ఆ బోర్డు ముద్రించింది కూడా ఆమే. అందులో మొదటి పేరు ఇది.

పడవ వచ్చేసరికి ఎండ తగ్గింది. ముగ్గురూ ఒడ్డునే ఎదురుచూస్తున్నారు. ప్రమోదిని మాత్రం నిలబడలేక అటూ ఇటూ నడుస్తూనే ఉంది. పడవ ఇసుక తాకగానే తోపు అప్పలరాజు నీళ్ళలోకి దిగి, ఎవరూ అడగకుండానే తాడు అందుకున్నాడు. ఇంజిన్ అప్పలరాజు దిగాడు. సన్నటి పొడుగాటి మనిషి. ముఖం ఉబ్బి ఉంది. అన్నని చూసి నవ్వాడు.

"ఏటి బావు, లేచినావా?"

అన్న తాడు లాగుతూనే ఉన్నాడు. ప్రమోదినే దగ్గరికెళ్ళి మొదట్నుంచీ చెప్పింది. దాచలేదు. మూడు కంప్యూటర్లు, కొత్త డేటాబేస్, పేరూ తండ్రిపేరూ ఊరూ కలిస్తే ఒకడే అనుకోమని తను రాయడం. ఆయన ఇంజిను మీద చెయ్యేసి విన్నాడు.

"అంటే జూన్‌లో ఇచ్చిన కాయితం నాది కాదు."

"కాదు మావా."

"మేవిద్దరం ఒక్కలా ఉంటామేటి?"

"మిషన్‌కి మొకం కనపడదు గదా మావా."

"మిషన్‌కి కనపడదు సరే," అన్నాడాయన. కోపంగా కాదు, పడవ గురించి ఏదో అడుగుతున్నట్టే అన్నాడు. "నువ్వు సూసినావా మరి?"

"నేదు," అంది ప్రమోదిని. "సూద్దామనుకున్నాను. సూళ్ళేదు."

ఆయన తల ఊపాడు. బొడ్డమ్మ మాత్రం ఊరుకోలేదు. సుఖంగా కుర్చీలో కూర్చుని ఊళ్ళ మీదికి కాయితాలు తోలడమేనా మీ పని అని అడిగింది. నీ ఇంటోడికైతే ఇలాగే ఒగ్గీసి ఊరుకుందువా అని అడిగింది. ప్రమోదిని తల వంచుకుని నిలబడింది. చివరికి ఇంజిన్ అప్పలరాజే భార్యని ఆపాడు. "మన గుంటేనే. సెప్పడానికి వచ్చినాది గదా. రాకపోతే ఏటి సేద్దుము?"

మర్నాడు అన్నదమ్ములిద్దరూ కాశీబుగ్గ వచ్చారు. కాంతమ్మ ఇద్దరి రక్తమూ తనే తీసి, సీసాల మీద నంబరుతోపాటు ఇంజినోడు, తోపోడు అని కూడా రాసింది. తోపు అప్పలరాజుకి ఒకటి. ఇంజిన్ అప్పలరాజుకి నాలుగు పాయింట్ నాలుగు.

నొప్పి బిళ్ళలు ఆపించి, మందులు రాసి, వాళ్ళు వెళ్ళాక డాక్టరు గారు ప్రమోదినితో అన్నారు. "మూడు నెలలు ముందు చెప్పి ఉంటే ఎంత మిగిలేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కొంత మిగిలేది."

ట్రస్టువాళ్ళ మీటింగులో ఆమెని తీసేయాలని ఒకాయన అన్నాడట. తీసేస్తే బాగుండునని ఆమెకీ అనిపించింది. కృష్ణారావు గారు ఒప్పుకోలేదు. తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కర్తే అన్నారట. అనుమానం మిగిలిన రెండు జంటల ఊళ్ళకీ ఆమె వెళ్ళింది. ఒక జంట ఒకే మనిషి. రెండో జంట ఇద్దరు ఆడవాళ్ళు, వరసకి అక్కాచెల్లెళ్ళు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. అక్కడ ఆమెకి టీ ఇచ్చారు. తాగకుండానే లేచి వచ్చేసింది.

తర్వాత డేటాబేస్ కొత్త వెర్షన్‌లో రెండు మార్పులు చేసింది. మనుషుల పట్టికలో కొత్త గడి ఒకటి, ఊళ్ళో పిలిచే పేరు. రెండోది, మిషన్ ఇక ఎవరినీ కలపదు. ఒకేలా ఉన్న పేర్లు జాబితాగా చూపిస్తుంది, అంతే. ఒక మనిషి వెళ్ళి, చూసి, సంతకం పెడితేనే కలుస్తాయి. ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళు పని పెరిగిందని గొణిగారు. వాళ్ళతో ఆమె కూడా తిరిగింది.

రెండువేల తొమ్మిదిలో ట్రస్టువాళ్ళు కాశీబుగ్గ సర్వర్ తీసేసి, హైదరాబాద్‌లో ఒక కంపెనీ దగ్గర అద్దెకి తీసుకున్న సర్వర్‌లోకి డేటాబేస్ మార్చాలని నిర్ణయించారు. కరెంటు బాధ ఉండదు, ఏ సెంటరు నుంచైనా ఇంటర్నెట్‌లో తెరుచుకోవచ్చు. ఆ కంపెనీ ఇంజనీరు కామేశ్ ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు.

"మీరు రానక్కర్లేదు మేడమ్. మీరు పంపిన ప్యాకేజీ మేం ఎక్కించేస్తాం. రెండువైపులా లెక్క సరిపోతే అయిపోయినట్టే."

"లెక్క సరిపోతే అయిపోయినట్టు కాదండీ," అంది ప్రమోదిని. "నేనొస్తాను. పేర్లు చదవాలి."

"ఆరువేల పేర్లా?"

"ఆరువేల నూట తొమ్మిది."

బయల్దేరిన రోజు పొద్దున్న పలాస స్టేషన్లో విశాఖ ప్యాసింజర్ ఎక్కింది. విశాఖలో దిగి హైదరాబాద్ బండి పట్టుకోవాలి. అదే పెట్టెలో కిటికీ పక్కన ఇంజిన్ అప్పలరాజు కూర్చుని ఉన్నాడు. పక్కన తోపు అప్పలరాజు. ఆ జనవరి నుంచి ఇంజిన్ అప్పలరాజుకి డయాలిసిస్ మొదలైందనీ, వారానికి రెండుసార్లు విశాఖ వెళ్తున్నారనీ ఆమెకి తెలుసు. ఆయన పరీక్షలన్నీ డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నది ఆమే. తెలిసినా, ఎదురుగా చూసేసరికి దారిలోనే నిలబడిపోయింది. ఆయన ఎముకల గూడులా ఉన్నాడు.

"కూకో పాపా," అన్నాడు జరిగి చోటిస్తూ. "నిలబడిపోనావేటి?"

కూర్చుంది. బండి కదిలింది. ఎక్కడికని అడిగాడు. చెప్పింది.

"అంటే నా కాయితాలు కూడా హైదరాబాద్ ఎల్లిపోతన్నాయా?"

"ఎల్తన్నాయి మావా. ఇక్కడ కూడా ఒక నకలు ఉంటాది."

"ఎల్లనీ. నానెలాగూ సూళ్ళేదు, నా పేరైనా ఎల్తాది." నవ్వబోయి దగ్గాడు. తోపు అప్పలరాజు నీళ్ళ సీసా మూత తీసి అందించాడు. తమ్ముడు రెండు గుక్కలే తాగాడు. అంతకన్నా తాగకూడదు. అన్న సీసా వెనక్కి తీసుకుని మూత బిగించాడు.

నౌపడ దాటుతుంటే ఉప్పు మడుల్లో మనుషులు పారలతో ఉప్పు కుప్పలు చేస్తున్నారు. ఇంజిన్ అప్పలరాజు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. తోపు అప్పలరాజు పెట్టెలోని మనుషుల్ని చూస్తూ, నెమ్మదిగా, ఆమెకి మాత్రమే వినపడేట్టు అడిగాడు.

"పాపా, ఆ నెల్లాళ్ళూ నాను ఏటకెల్లుంటే, ఆడికి కట్టం తప్పుండేది గదా."

"మావా, ఆ నెల్లాళ్ళే కాదు, పోయిన మూడు నెలలూ నావి. నీవి కావు," అంది ప్రమోదిని.

ఆయన నమ్మినట్టు కనపడలేదు. ఆమె సంచిలోంచి పేర్ల కాగితాలు తీసింది. విశాఖ దాకా నాలుగు గంటల ప్రయాణం ఉంది. మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టింది.